మూత తీసేది నేనే

సోఫాలు కుడుతుంది కాబట్టి సోఫావిడ అని పేరుపడ్డ ఆవిడ ఇంటి పెరట్లోకి మూడు కాళ్ళ బొగ్గు గ్రిల్లు వచ్చి వారం తిరగలేదు, అప్పుడే చుట్టాలందరి నోళ్ళలోనూ నానుతోంది. ఆ నల్లటి గుండ్రటి డబ్బా అక్కడ ఉంటుందా, ఊడుతుందా అన్నది మాత్రం ఈ ఆదివారం భోజనాల వేళకి తేలాలి.

అలా తేలాల్సిందేనని పట్టుబట్టింది ఆమె ఆడపడుచు. తమ్ముడి యాభయ్యో పుట్టినరోజుకి ఆవిడ కొనిపెట్టిన, మాంసాన్ని పొగలో వండే మెషీన్ని భార్యాభర్తలిద్దరూ షెడ్డులోంచి బయటికి లాగి, టార్పాలిన్ కప్పి గోడవార నిలబెట్టారు. అలా నిలబెట్టి చేతులు కడుక్కున్నారో లేదో ఆవిడ దగ్గర్నుంచి ఫోను.

"ఆదివారం మీ అన్నయ్యగారూ నేనూ భోజనానికొస్తున్నాం. నీ కుంపటి మీదే వండిపెట్టు. కుదిరిందా, షెడ్డు నీది. కుదరలేదా, మెషీను ఎక్కడిది అక్కడికి పోవాలి. నీ సోఫాలు నువ్వెక్కడ కుట్టుకుంటావో నీ ఇష్టం."

పక్కన భర్త వద్దు వద్దని రెండు చేతులూ ఊపుతూనే ఉన్నాడు. ఆమె "అలాగే వదినా" అని ఫోను పెట్టేసింది.

ఆ షెడ్డు ఆమెకి కావాలి. ఊరికే కావడం కాదు, అది లేకపోతే పూట గడవని పరిస్థితి తనంతట తనే తెచ్చుకుంది. సోఫాల షోరూంలో ఇన్నేళ్ళు చేసిన ఉద్యోగం మానేసింది. ఇక ఎవరి కిందా కుట్టనని, తన షెడ్డులో తన బల్ల వేసుకుంటానని అందరికీ చెప్పేసింది. మొదటి బేరంగా ఒప్పుకున్న పాత సోఫా ఒకటి గుడ్డ ఊడదీసిన ఒళ్ళుతో, స్ప్రింగులు పైకి పొడుచుకొచ్చి ముందు గదిలో సగం ఆక్రమించి కూర్చుంది. ఇంట్లో వాళ్ళు దాని చుట్టూ పక్కకి తిరిగి నడుస్తున్నారు. షెడ్డులో మెషీనూ, దాని చెక్కపొట్టు గుళికల బస్తాలూ, దాని కవరూ, దాని విడి ఫ్యానూ, దాని సూదుల పెట్టే ఉంటే ఇంక బల్లకి చోటెక్కడిది?

పైగా ఆ మెషీనంటే ఆమెకి ఒళ్ళుమంట. కరెంటుతో నడుస్తుంది, తెర ఉంటుంది, మాంసంలో గుచ్చిన సూది లోపలి వేడి చెబుతుంది, కావాలంటే ఫోన్లోంచే వేడి పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. ఇన్ని ఉండీ కొన్నప్పట్నుంచి ఒక్క ఆదివారం కూడా కుదురుగా వండలేదు. వేడి ఎక్కేది, దిగేది, మళ్ళీ ఎక్కేది. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఎన్ని అంతస్తుల లిఫ్టయినా చప్పుడు విని రోగం చెప్పేస్తాడని పేరు. అలాంటి మనిషి ఆ మెషీన్ని రెండుసార్లు పూర్తిగా విప్పి, నేల మీద పాత దుప్పటి పరిచి మరలన్నీ వరసగా పేర్చి, మళ్ళీ బిగించాడు. రోగం దొరకలేదు. అప్పట్నుంచి దాని దగ్గర నిలబడితే ఆయన మొహంలో ఒక అవమానం కనిపించేది.

అదంతా ఒక ఎత్తు, షోరూం యజమానురాలు భోజనానికొచ్చిన రోజు ఒక ఎత్తు. ఆ మాంసం కోస్తే లోపల ఎర్రగా, చల్లగా ఉంది. ఆవిడ మర్యాదకి బంగాళాదుంపలు మాత్రం తిని వెళ్ళిపోయింది. మర్నాడు వదిన అందరికీ ఫోన్లు చేసి, "మెషీను బంగారంలాంటిది. చేసే చెయ్యి కూడా అలా ఉండాలిగా" అంది.

ఆ మాట ఆమెకి ముల్లులా గుచ్చుకుని అక్కడే ఉండిపోయింది.

ఆదివారం పొద్దున్నే లేచి గ్రిల్లు మూత తీసింది. అందులో ఏముంది గనక! ఒక గిన్నె, ఒక మూత, బొగ్గులకి ఒక జల్లెడ, మాంసానికి ఒక జల్లెడ. కింద గాలి పోవడానికో కన్నం, పైన పొగ రావడానికో కన్నం. తెర లేదు, తీగ లేదు. బొగ్గుల్ని లోపలి అంచు వెంబడే చంద్రవంకలా పేర్చింది. ఒకదాని మీద ఒకటి ఆనేలా, సోఫా అంచుకి పట్టీ కుట్టినట్టు, ఎక్కడా ఖాళీ లేకుండా. వాటి మీద అక్కడక్కడ ఎండిన చెక్క ముక్కలు పెట్టింది. విడిగా రేకు డబ్బాలో నాలుగు బొగ్గులు రాజేసి ఆ చంద్రవంకకి ఒక కొసన పోసింది. ఆ కొస నుంచి మంట ఒక బొగ్గు తర్వాత ఒక బొగ్గు అంటుకుంటూ, తొందరలేకుండా నడుచుకుంటూ పోతుంది. ముందురోజు రాత్రే ఉప్పూ మిరియాలూ వెల్లుల్లీ పట్టించి ఉంచిన గొర్రె భుజాన్ని మంట లేని వైపు పెట్టి మూత మూసింది.

ఇంత ధీమాగా చేస్తోంది కానీ ఒకసారి దెబ్బతింది కూడా. మొన్న బుధవారం ఒక కోడిని పెట్టి చూస్తే, పొగ ఎక్కువొస్తోందని రెండు కన్నాలూ మూసేసింది. బొగ్గులు చచ్చిపోయాయి. కోడిని తీసుకెళ్ళి గ్యాసు పొయ్యి మీద వేయించుకుని మాట్లాడకుండా తిన్నారు. ఆ సంగతి భర్త అక్కకి చెప్పలేదని ఒట్టేశాడు. ఆమె నమ్మింది.

"ఇప్పటికైనా మించిపోయింది లేదు. మెషీను ప్లగ్గు పెట్టేస్తాను. రెండూ నడుస్తాయి. ఏది కుదిరితే అది వడ్డిద్దాం," అన్నాడు ఆయన కాఫీ కప్పుతో పెరటి గుమ్మంలో నిలబడి.

"మీరు ప్లగ్గు పెడితే నేను బొగ్గుల్లో నీళ్ళు పోస్తాను. అందరం హోటలుకి పోదాం."

"అక్క సంగతి నీకు తెలుసు కదా."

"నా సంగతి మీకు తెలుసా?"

ఆయన కాఫీ తాగేశాడు.

*

వదిన వస్తూనే చెప్పులు విప్పకుండా నేరుగా పెరట్లోకి నడిచింది. ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరయిన మనిషి. ఏ ఇంట్లోకి వచ్చినా వార్డులోకి వచ్చినట్టే వస్తుంది. ఎవరు పడుకున్నారు, ఎవరు లేచారు, ఏ కిటికీ మూసుంది, అన్నీ ఒక్క చూపుతో లెక్క తేల్చేస్తుంది. తల్లి పోయాక తమ్ముణ్ణి ఎత్తుకుని పెంచింది ఆవిడే. అందుకే తమ్ముడికి జుట్టు నెరిసినా, "అన్నం తిన్నావురా?" అని రోజూ అడుగుతుంది. ఆ ప్రేమ నిజమైందేనని సోఫావిడకి తెలుసు. తెలియడం వల్లే ఇన్నాళ్ళూ నోరు మెదపలేకపోయింది.

"ఇదేనా!" అంది వదిన గ్రిల్లు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి. "నేనేదో అనుకున్నాను. చెత్త కాల్చే డబ్బాలా ఉందే."

"చెత్త కాల్చడానికి వేరే ఉంది వదినా. కూర్చోండి."

"లోపల వేడి ఎంతుందో ఎలా తెలుస్తుంది?"

"మూత మీద ముల్లు ఉంది, చూడండి."

"అది మూత వేడి చెబుతుంది. మాంసం వేడో? పేషెంటుకి జ్వరం ఉందో లేదో మంచం పట్టుకుని చూస్తామా?"

వెనకే వచ్చిన అన్నయ్యగారు, అంటే వదిన భర్త, కుర్చీ లాక్కుని నీడలో కూర్చుంటూ, "పేషెంటు ఎప్పుడో పోయాడు కదే. ఇప్పుడు జ్వరమెందుకు?" అన్నాడు. సర్వే ఆఫీసులో పనిచేసి రిటైరయిన ఆయనకి ప్రపంచంలో రెండే ఇష్టాలు: నీడా, భోజనమూ.

"మీరు ఊరుకోండి."

"ఊరుకున్నాను. వాసన మాత్రం బాగుంది చెల్లెమ్మా."

ఆ ఒక్క మాటకి ఆమెకి కొంచెం ఊపిరాడింది. లోపలికి వెళ్ళి మొక్కజొన్న పొత్తులకి వెన్న రాసింది, ఉల్లిపాయలు కోసింది. వంటింటి కిటికీలోంచి గ్రిల్లు కనబడుతోంది. వదిన దాని పక్కనే కుర్చీ వేసుకుని, ఒళ్ళో ఫోను పెట్టుకుని, డ్యూటీలో ఉన్నట్టు కూర్చుంది. మధ్య మధ్య ఫోను చూసుకుంటోంది. దాన్ని ఎప్పుడూ చేతిలోంచి వదలదు ఆవిడ.

ఎండ నడినెత్తికొస్తుండగా పెరట్లోంచి కేక వినిపించింది.

"అమ్మాయ్! పొగ ఆగిపోయింది!"

ఆమె కత్తి అక్కడే పడేసి పరుగెత్తింది. నిజమే. పొద్దుట్నుంచీ పై కన్నంలోంచి సన్నగా, తీగలా వస్తున్న పొగ కనిపించడం లేదు. మూత మీది ముల్లు కూడా కాస్త వెనక్కి జారింది. మొన్నటి కోడి కళ్ళ ముందు మెదిలింది.

"చచ్చిపోయాయి బొగ్గులు," అంది వదిన. గెలిచిన సంతోషం కూడా లేదు ఆవిడ గొంతులో, ముందే తెలిసినట్టు చెప్పింది. "ఒరే తమ్ముడూ, మూత తియ్యి. చూద్దాం."

"తియ్యొద్దు," అంది సోఫావిడ.

"చూస్తే పోయేదేముందే? ఆరిపోతే మళ్ళీ వెలిగించుకోవచ్చు. లేకపోతే మెషీనుంది."

"తీసిన ప్రతిసారీ లోపలి వేడంతా ఎగిరిపోతుంది. అది మళ్ళీ కూడదీసుకోవడానికి ఎంతసేపు పడుతుందో తెలుసా? మూత తీసి చూసేవాళ్ళకి చూపులే, తిండి ఉండదు."

"అదిగో, నాకే పాఠాలు!"

భర్త ఇద్దరి మధ్యా నిలబడ్డాడు. ఒకసారి అక్కని చూశాడు, ఒకసారి భార్యని. పెళ్ళయిన నాటి నుంచీ ఆయన ఆ నిలబడే చోటు మారలేదు. "ఒక్కసారి, ఒక్క వేలెడంత ఎత్తి మూసేస్తాను," అని చెయ్యి చాచి మూత పిడి పట్టుకున్నాడు.

ఆమె చెయ్యి ఆయన చేతి మీద పడింది. దబ్బనంతో తోలు కుట్టీ కుట్టీ కాయలు కాసిన చెయ్యి. గట్టిగా అదిమి పట్టుకుంది.

"తియ్యకండి."

"చెయ్యి కాలుతుంది, వదులు."

"కాలనివ్వండి. ఈ మూత తీసేది నేనే. తియ్యాల్సినప్పుడు తీస్తాను. పందెం నాతో వేశారు, నేను చెప్పకుండా ఎవరూ ముట్టుకోవడానికి లేదు."

వదిన కుర్చీలోంచి లేచింది. "చూశావట్రా? అందుకే నేను మెషీను కొనిపెట్టింది. అదయితే ఈ గోలంతా లేదు. లోపలేం జరుగుతోందో నాకు ఇంట్లో కూర్చుంటేనే తెలిసేది. నువ్వు మరీ ఎక్కువ పెట్టేస్తే నేనే తగ్గించేదాన్ని. ఇప్పుడు చూడు, కళ్ళకి గంతలు కట్టుకుని..."

ఆవిడ ఇంకా ఏదో అంటోంది. తమ్ముడు మాత్రం అక్కడే ఆగిపోయాడు.

"ఏమన్నావక్కా?"

"గంతలు కట్టుకుని అన్నాను."

"కాదు, దానికి ముందు. తగ్గించేదాన్నన్నావు."

"అన్నాను. అందులో ఏముంది? నీకిచ్చే ముందు యాప్ నా ఫోన్లోనే ఎక్కించి, పనిచేస్తోందో లేదో చూశాను కదా. అది అలాగే ఉండిపోయింది. ఆదివారాలు ఓ కంట కనిపెట్టుకుని ఉండేదాన్ని. నువ్వేమో వేడి ఆకాశానికెక్కిస్తావు. మాడిపోతుందని నేను దింపేదాన్ని."

"నేను ఎక్కిస్తే నువ్వు దింపేదానివా?"

"మొదట పెట్టేది నువ్వే. నేను దింపాక మళ్ళీ ఎక్కేది కూడా నువ్వు ఎక్కిస్తేనా? అదే ఎక్కిపోతోందనుకున్నాను. దింపడం, అది మళ్ళీ ఎక్కడం, మళ్ళీ దింపడం. మెషీను మొండికేసిందనుకున్నాను."

"నేనూ అదే అనుకున్నాను! అదే దిగిపోతోందనుకున్నాను!" ఆయన గొంతు పెరిగింది. "దుప్పటి పరిచి, మరలన్నీ ఊడదీసి... రెండుసార్లక్కా! కంపెనీ వాణ్ణి పిలిపిస్తే వాడు దాన్నీ నన్నూ ఎగాదిగా చూసి, ఏ లోపమూ లేదు సార్ అని నవ్వుకుంటూ పోయాడు. నాకు చేతనైన పని అదొక్కటి. అది కూడా చేతకాకుండా పోయిందేమో అనుకున్నాను!"

నీడలో కూర్చున్న అన్నయ్యగారికి నవ్వు ఆగలేదు. పొట్ట పట్టుకుని, "అంటే అక్కా తమ్ముడూ చెరో ఇంట్లోనూ కూర్చుని మాంసంతో తాడులాట ఆడారన్నమాట! ఆ మెషీను పాపం ఎవరి మాట వినాలో తెలియక..." అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. సోఫావిడ అసలే నవ్వలేదు. మూత పిడి మీద చెయ్యి తీయకుండా అడిగింది.

"మా యజమానురాలు భోజనానికొచ్చిన రోజు కూడానా వదినా?"

వదిన చేతిలోని ఫోను వైపు చూసుకుంది. చెప్పకపోయినా తెలుస్తూనే ఉంది.

"ఆ రోజు పచ్చి మాంసం ముందు పెట్టుకుని ఆవిడ ఎదురుగా తలవంచుకున్నది నేను. మర్నాడు మీరు అందరికీ ఫోన్లు చేసి నా చెయ్యి బాగోలేదన్నారు. నేనూ నమ్మాను. ఉప్పు ముందే పట్టించి ఉండకూడదేమో, ముక్క పెద్దదేమో, నాకే చేతకాదేమో అని ఎన్నాళ్ళు నన్ను నేను తిట్టుకున్నానో! మా పెరట్లో మంట, మీ ఒళ్ళో మీట. మధ్యలో నేను చేతకానిదాన్నయ్యాను."

"నేను కావాలని చేశానా?"

"కావాలని చెయ్యలేదు. నాకు తెలుసు. మీరు ఏదీ కావాలని చెయ్యరు. మంచికే చేస్తారు. ఆ మంచి ఇంక మాకు వద్దు వదినా. పచ్చిదైనా, మాడినా, మా ఇంట్లో మంట మా చేతిలో ఉండాలి. అందుకే ఈ డబ్బా తెచ్చుకున్నాను. దీనికి తీగల్లేవు. దీన్ని ఎక్కించాలన్నా దింపాలన్నా ఇక్కడికొచ్చి, ఈ పొగలో నిలబడి, కళ్ళు మండించుకోవాల్సిందే."

భర్త మెల్లగా తన చెయ్యి మూత మీంచి తీసేశాడు. అక్క పక్కకీ పోలేదు, భార్య పక్కకీ రాలేదు. రెండడుగులు వెనక్కి వేసి, టార్పాలిన్ కప్పిన మెషీన్ని కొత్తగా చూస్తున్నట్టు చూశాడు.

ఆమె నేల మీద మోకాళ్ళు ఆనించి కూర్చుంది. కింది కన్నం దగ్గర చెయ్యి పెట్టి చూసింది. బూడిద రాలి కన్నానికి అడ్డంగా పేరుకుంది. అంతే, గాలి అందడం లేదు. పక్కనున్న చిన్న కడ్డీతో బూడిద కదిలించి, కన్నం ఇంకాస్త తెరిచింది. లేచి నిలబడి పై కన్నం వైపు చూసింది. ఏమీ లేదు. వదిన చూస్తోంది. అన్నయ్యగారు కుర్చీలోంచి సగం లేచి చూస్తున్నాడు. పక్కింటి వాళ్ళ రేడియోలో ఎవరో ధరల గురించి మాట్లాడుతున్నారు. అది కూడా అయిపోయి పాట మొదలైంది.

అప్పుడు లేచింది, నీలంగా, సన్నగా, దారపు పోగులాంటి పొగ.

"బతికే ఉంది!" అన్నాడు అన్నయ్యగారు, తన సొంత మనిషి కళ్ళు తెరిచినట్టు.

ఆమె చీర కొంగుతో మొహం తుడుచుకుని ఉల్లిపాయలు కోయడానికి వెళ్ళిపోయింది.

*

భోజనాల వేళకి మూత తీసింది. తీసేది నేనే అన్న మాట ప్రకారం తనే తీసింది. పొగ ఒక్కసారిగా మొహం మీదికి కొట్టింది. మాంసం ముదురు గోధుమ రంగులోకి తిరిగి, పైన పెచ్చు కట్టి ఉంది. లోపలి సంగతి ఇంకా తెలియదు. ఎముక పట్టుకుని తిప్పి చూసింది. ఎముక ఒక్కటే శుభ్రంగా, వరలోంచి కత్తి వచ్చినట్టు, చేతిలోకొచ్చేసింది.

ఆ ఎముకని ఆమె కాసేపు అలాగే పట్టుకుని నిలబడింది. ఆ తర్వాత మాంసాన్ని పళ్ళెంలో పెట్టి, కత్తి అక్కర్లేకుండా రెండు ఫోర్కులతోనే విడదీసింది. పీచులు పీచులుగా విడిపోయింది. లోపల ఎక్కడా పచ్చి లేదు. అంచున సన్నగా గులాబీ రంగు, అది పొగ వేసిన రంగు.

పెరట్లోనే బల్ల వేసి వడ్డించింది. అన్నయ్యగారు మూడోసారి పళ్ళెం ముందుకు జరిపాడు. భర్త తల వంచుకుని తింటున్నాడు, కానీ నెమ్మదిగా, ఒక్కో ముక్కా ఆలోచిస్తున్నట్టు. వదిన మొదట కొసరి కొసరి తీసుకుంది. తర్వాత మొక్కజొన్న పక్కకి నెట్టి మాంసమే తింది.

"ఉప్పు సరిపోయింది," అంది చివరికి.

ఆవిడ నోట అంతకు మించి రాదని అందరికీ తెలుసు.

"అయితే షెడ్డు నాది," అంది సోఫావిడ.

"మాటన్నాక మాటే. నీదే."

"మెషీను మీరు పట్టుకెళ్తారా, అమ్మేయమంటారా?"

వదిన తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు పళ్ళెంలోంచి తల ఎత్తలేదు. "ఇచ్చిన కానుక ఎవరైనా తిరిగి పట్టుకెళ్తారా?" అంది ఆవిడ. "వాడికి అమ్మ లేని లోటు తెలియకూడదని..."

"తెలియదు వదినా. మీరుండగా ఆయనకి ఆ లోటు ఎప్పుడూ తెలియలేదు. నాకే అప్పుడప్పుడూ తెలుస్తుంది, ఈ ఇంట్లో ఇద్దరం కాదు ముగ్గురం కాపురం చేస్తున్నామని."

అంత మాట అంటానని ఆమె కూడా అనుకోలేదు. అన్నాక వెనక్కి తీసుకోవాలనిపించలేదు. నీళ్ళ జగ్గు ఎత్తి అందరి గ్లాసులూ నింపింది, వదిన గ్లాసు ముందు నింపింది.

అన్నయ్యగారు ఈ గాలివాన నుంచి తప్పుకునే దారి వెతుక్కుంటున్నట్టు, "మాత్రలు కార్లో మర్చిపోయాను. తెచ్చుకుంటాను," అని లేచాడు. ముందు గది గుండా, స్ప్రింగుల సోఫా పక్కనుంచి, వీధి తలుపు వైపు వెళ్ళాడు.

బల్ల మీద, ఉప్పు డబ్బా పక్కన ఉన్న వదిన ఫోను టింగుమంది. తెర వెలిగింది. ఆవిడ చూడకుండానే దాన్ని బోర్లించింది.

కాసేపటికి అన్నయ్యగారు మాత్రలు పట్టుకుని లోపలికొచ్చాడు. ఆయన ఇంకా ముందు గదిలో ఉండగానే ఫోను మళ్ళీ టింగుమంది.

సోఫావిడ చేతిలోని జగ్గు కింద పెట్టింది.

"మంచినీళ్ళు పట్టుకొస్తాను," అంది. జగ్గులో ఇంకా సగం నీళ్ళున్నాయి. దాన్ని బల్ల మీదే వదిలేసి లోపలికి నడిచింది.

ముందు గదిలో ఎవరూ లేరు. వీధి తలుపు గడియ తీసి, ఓరగా తెరిచింది. పెరట్లోంచి, ఇల్లంతా దాటుకుని, సన్నగా వినిపించింది: టింగ్. తలుపు మూసింది. టింగ్. మళ్ళీ తెరిచింది. ఈసారి వినిపించలేదు, ఎవరో ఫోను నోరు నొక్కేసినట్టున్నారు.

సోఫా చెక్క అంచు మీద కాలు పెట్టి పైకెక్కి, తలుపు చట్రం పైభాగం వేళ్ళతో తడిమింది. గోడకున్న రంగులోనే, చొక్కా గుండీకన్నా కాస్త పెద్దదిగా, ఏదో తగిలింది; తలుపు కదిలినప్పుడల్లా వదిన ఫోనుకి కబురు పంపేది అదే. ఆ తలుపుకి రంగు వేసినప్పుడు తామిద్దరూ ఊళ్ళో లేరు. రంగు వేయించిన వదినే తాళం చెవులు తిరిగి ఇస్తూ, "ఇల్లు కొత్తదాన్లా చేయించాను" అంది. మొన్న బుధవారం మెషీను ప్లగ్గు పీకి షెడ్డులోంచి లాగగానే ఆవిడ దగ్గర్నుంచి ఫోనెలా వచ్చిందో ఆమెకిప్పుడు అర్థమైంది. అది మెషీను చెప్పింది. మరి పోయిన నెల వాళ్ళు సినిమా నుంచి ఆలస్యంగా వచ్చిన సంగతి? ఆమె ఆరోగ్యం బాగోక ఒక రోజంతా గుమ్మం దాటని సంగతి? ఏమే, నిన్నంతా ఇంట్లోనే పడున్నావట, అని ప్రేమగా అడిగింది వదిన. భర్త చెప్పి ఉంటాడనుకుంది తను.

పెరట్లోకి తిరిగొచ్చేసరికి ముగ్గురూ కదలకుండా కూర్చుని ఉన్నారు. ఫోను బల్ల మీద లేదు. వదిన ఒళ్ళో ఉంది, రెండు చేతుల కింద.

"తలుపు సంగతి తెలిసింది వదినా," అంది ఆమె. గొంతు ఆమెకే కొత్తగా, ప్రశాంతంగా వినిపించింది. "మెషీను ఒకటి, తలుపు ఒకటి. మా ఇంట్లోవి ఇంకా ఏమేం ఉన్నాయి ఆ ఫోన్లో?"

వదిన మొహం పాలిపోయింది. వార్డంతా గడగడలాడించిన మనిషి పెదవులు తడుపుకుంది. ఎప్పుడో ఒకప్పుడు చెప్పక తప్పదన్నట్టు ఊపిరి పీల్చుకుని నోరు తెరిచింది.

"చెప్పకక్కా," అన్నాడు తమ్ముడు.

అప్పుడు తిరిగి చూసింది సోఫావిడ, భర్త వైపు. ఇందాకట్నుంచీ అక్క చేతిలో మోసపోయిన వాడిలా కూర్చున్న మనిషి. ఇప్పుడు ఆయన కళ్ళలో ఉన్నది కోపం కాదు. అది భయం. అక్కంటే భయం కాదు, భార్యంటే భయం. ఆ ఫోన్లో ఇంకేముందో ఆయనకి ముందే తెలుసని ఆ చూపే చెప్పింది.

ఆమె గ్రిల్లు దగ్గరికి నడిచింది. లోపల మిగిలిన బొగ్గులు ఇంకా కణకణలాడుతున్నాయి. మూత పెట్టి, వంగి కింది కన్నం మూసింది, లేచి పై కన్నం మూసింది. చేతులు దులుపుకుని, అన్నయ్యగారి పక్కనున్న ఖాళీ కుర్చీ ఎత్తి తెచ్చి, అక్కకీ తమ్ముడికీ సరిగ్గా ఎదురుగా వేసుకుని కూర్చుంది.

"చెప్పండి వదినా. ఆయన్ని చూడకండి, నన్ను చూసి చెప్పండి."